మంచు కుదురుకునేదాకా ఆగనివ్వండి: హైసియాకు బహిరంగ లేఖ

హైసియాగా అందరికీ తెలిసిన హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఎంటర్‌ప్రైజెస్ అసోసియేషన్ అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సభ్య కంపెనీల్లో సెలవులు మంజూరు చేసే అధికారులందరికీ,



దసరా వెళ్లిందంటే చాలు, లింగంపల్లి నుంచి రాయదుర్గం దాకా ఆఫీసు క్యాంటీన్లలో ఒకే చర్చ మొదలవుతుంది. ఈసారి మంచు ట్రెక్కుకు కేదార్‌కంఠా వెళ్దామా, బ్రహ్మతాల్ వెళ్దామా? నల్లగండ్ల, తెల్లాపూర్, గోపన్‌పల్లి అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు తిరుగుతాయి. ఏడాది చివర మిగిలిపోయిన సెలవులు వాడుకోకపోతే పోతాయన్న ఆదుర్దా ఒకటి. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా విదేశీ క్లయింట్లు పని ఆపేస్తారు కాబట్టి దొరికే వెసులుబాటు ఇంకొకటి. పుట్టి బుద్ధెరిగాక మంచు కురవడం చూడని తెలుగు పిల్లలు ఆ వారంలో హిమాలయం ఎక్కుతారు. ఎక్కాలి కూడా. ఆ కోరికను తప్పుపట్టడం ఈ లేఖ ఉద్దేశం కాదు.

వాళ్ల ప్రయాణపు లెక్క ఒక్కసారి చూడండి. శుక్రవారం సాయంత్రం పని ముగించుకుని శంషాబాద్‌లో విమానం. డెహ్రాడూన్ నుంచి ఉత్తరకాశీ జిల్లాలోని సాంక్రీ గ్రామానికి కొండదారిలో ఎనిమిది నుంచి పది గంటలు. నాలుగైదు రోజుల నడక. 12,500 అడుగుల కేదార్‌కంఠా శిఖరం మీద సూర్యోదయం, ఫొటోలు, దిగడం, మళ్లీ కొండదారి, మళ్లీ విమానం. సోమవారం ఉదయం స్టాండప్ మీటింగుకు హాజరు. ఈ లెక్కలో వాన రోజు లేదు, మంచు తుపాను రోజు లేదు, ఊరికే గుడారంలో కూర్చుని ఆకాశం చూసే రోజు లేదు. మంచు కొండల్లో ప్రాణాలు నిలబెట్టేది సరిగ్గా ఆ ఖాళీ రోజే. అది కొండ మీద పుట్టదు, సెలవు దరఖాస్తులో పుట్టాలి. ఈ లేఖ మీకు రాయడానికి కారణం అదే.

మంచు చరియలు ఎప్పుడు జారతాయో చెప్పలేమని చాలామంది అనుకుంటారు. ఫలానా నిమిషంలో జారుతుందని ఎవరూ చెప్పలేరన్నది నిజమే. ఫలానా వాలు మీద, ఫలానా వాతావరణం తర్వాత ప్రమాదం పెరుగుతుందని మాత్రం బాగానే చెప్పగలరు. వాలు కోణం అన్నిటికన్నా మొదటి సంగతి. గట్టి పలకల్లా విరిగి జారే చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీదే పుడతాయి. అంతకన్నా చదునుగా ఉంటే మంచు నిలుస్తుంది. అంతకన్నా నిటారుగా ఉంటే పెద్దగా పేరుకోకముందే కొంచెం కొంచెంగా రాలిపోతూ ఉంటుంది. ఎక్కడానికి ఉత్సాహం పుట్టించే వాలులూ, మంచు విరిగే వాలులూ దాదాపు ఒకటే కావడం దురదృష్టం. చేతిలోని ఫోనే కోణం కొలిచి చెప్తుంది కాబట్టి ఈ ఒక్క విషయం సైబరాబాద్‌లో ఎవరికైనా ఒక సాయంత్రంలో నేర్పవచ్చు.

కోణం మారదు. మంచు మారుతుంది. హైదరాబాద్ కుర్రాళ్లకు ఇబ్బందయ్యేది ఇక్కడే. ఆదివారం తెల్లవారగానే ఖాజాగూడ గుట్టల మీదికి, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రాంగణంలోని బండల దగ్గరికి, కాస్త తీరిక ఉంటే భువనగిరి కోటకు వెళ్లి సాధన చేసేవాళ్లు ఈ ఊళ్లో తక్కువేమీ లేరు. ఆ నల్లరాతి బండలు 250 కోట్ల ఏళ్ల నాటివి. నిన్న పట్టు దొరికిన చోట ఈ రోజూ దొరుకుతుంది. వాటి మీద కాళ్లకు బలం వస్తుంది, గుండెకు దమ్ము వస్తుంది, ఎత్తంటే భయం పోతుంది. మంచును చదివే చూపు మాత్రం రాదు. నిన్న యాభై మంది నడిచిన మంచు వాలు ఈ ఉదయం యాభై ఒకటో మనిషి అడుగుకు విరగవచ్చు. రాత్రి గాలి దిక్కు మారితే చాలు.

గాలి చేసే పని తెలుసుకోవాలి. ఆకాశం నుంచి ఒక్క రేకు మంచు పడకపోయినా, గాలి ఒక వైపు వాలును ఊడ్చి శిఖరరేఖ అవతలి వైపు పోస్తుంది. మంచు కురిసే వేగానికి పదింతల వేగంతో కూడా అది ఒక వాలును నింపగలదు. అలా చేరిన మంచు రేకులు నలిగి, ఒకదానికొకటి అతుక్కుని, గట్టి పలకగా మారతాయి. కాలు కింద గట్టిగా తగులుతుంది కాబట్టి కొత్తవాళ్లకు అదే సురక్షితమనిపిస్తుంది. పలక గట్టిగా ఉండటం వల్లే ఒకచోట పుట్టిన పగులు వాలు పొడవునా క్షణాల్లో పాకుతుంది. మనిషి నిలబడ్డ చోటుకు పైన, కింద, పక్కన మొత్తం ఒక్కసారిగా కదులుతుంది.

పలక జారాలంటే కింద బలహీనమైన పొర ఉండాలి. డిసెంబరు ట్రెక్కర్లు తప్పక తెలుసుకోవలసింది ఈ పొర గురించి. సీజను మొదట్లో నేల మీద మంచు పలచగా, అర మీటరో అంతకన్నా తక్కువో ఉంటుంది. నేల దగ్గర ఉష్ణోగ్రత సుమారు సున్నా డిగ్రీలు. పైన, నిర్మలమైన రాత్రుల్లో, మంచు ఉపరితలం సున్నాకు పదిహేను ఇరవై డిగ్రీల దిగువకు పోతుంది. అంత పలచటి పొరలో అంత తేడా ఉంటే, మీటరుకు పది డిగ్రీలు దాటిందంటే, కింది నుంచి నీటి ఆవిరి పైకి కదులుతూ మంచు రేకుల రూపాన్నే మార్చేస్తుంది. రేకుల పాత రూపం పోయి, కోణాలు తేరిన విడివిడి స్ఫటికాలుగా పెరుగుతాయి. గుప్పెట్లోకి తీసుకుని నొక్కితే ముద్ద కట్టవు. పంచదార పలుకుల్లా వేళ్ల సందుల్లోంచి జారిపోతాయి. ఇలాంటి పొర మీద జనవరిలో మధ్యధరా వైపు నుంచి వచ్చే పశ్చిమ అలజడులు ఒక్కరోజులో అర మీటరో మీటరో మంచు కుమ్మరిస్తే ఏమవుతుందో ఊహించవచ్చు. నవంబరు, డిసెంబరుల్లో ఎండ కాసిన ప్రశాంతమైన వారాలే ఫిబ్రవరి ప్రమాదానికి రంగం సిద్ధం చేస్తాయి.

ఇక్కడ ఒక న్యాయమైన సందేహం వస్తుంది. డిసెంబరులో మంచు తక్కువ కదా, ప్రమాదమూ తక్కువే కదా? రాళ్లూ పొదలూ ఇంకా పైకి కనిపించేంత పలచగా ఉన్నప్పుడు ఆ మాట నిజమే, అవే మంచును పట్టి ఉంచుతాయి. కేదార్‌కంఠా దారిలో ఎక్కువ భాగం అడవిలోంచి, నెమ్మదైన వాలుల మీదుగా సాగుతుందన్నదీ నిజమే. అందుకే తొలిసారి వెళ్లేవాళ్లకు దాన్ని సూచిస్తారు. ఆ దారిని మృత్యుమార్గమని భయపెట్టడం అబద్ధమవుతుంది. అయితే అడవి దాటాక శిఖరం దగ్గర వాలు నిటారవుతుంది. ఒకసారి కేదార్‌కంఠా చూసొచ్చిన వాళ్లు మరుసటి ఏడాది ఇంకా ఎత్తైన కనుమలు అడుగుతారు. ఫిబ్రవరి, మార్చిల్లో అటల్ సొరంగం దాటి లాహౌల్ లోయలోకి వెళ్తారు. 2020 అక్టోబరు 3న ఆ సొరంగం ప్రారంభమయ్యే దాకా శీతాకాలంలో లాహౌల్‌కు రోహ్‌తాంగ్ కనుమ మీదుగా దారి మూసుకుపోయేది. ఇప్పుడు మనాలిలో టిఫిన్ చేసి మధ్యాహ్నానికి సిస్సూలో మంచు తొక్కవచ్చు. చరియలు జారే గుట్టల కిందికి చేరడం ఇంత సులభమైన కాలం ఎప్పుడూ లేదు.

మంచుకు సమయం ఎందుకు కావాలి? కొత్తగా కురిసిన మంచు తన బరువుతో తానే కుంగుతుంది, రేకుల మధ్య బంధాలు ఏర్పడతాయి, కింది పొరతో అతుకు కుదురుతుంది. పెద్దగా మంచు కురిసిన తర్వాత తొలి 24 నుంచి 48 గంటలే అత్యంత ప్రమాదకరమని ప్రపంచంలో ఎక్కడి మంచు నిపుణుడైనా చెప్పే మాట. తుపాను వెలిసిన మరుసటి ఉదయం ఆకాశం నీలంగా, ఎండ మిలమిలా, కొండ తెల్లగా పెళ్లికూతురులా ముస్తాబై ఉంటుంది. ఫొటోలకు అంతకన్నా మంచి రోజు ఉండదు. కొండ ఎక్కడానికి అంతకన్నా చెడ్డ రోజు కూడా ఉండదు. రెండు రోజులు ఆగగలిగినవాళ్లకు ఆ ప్రమాదంలో చాలా భాగం తప్పిపోతుంది. పైన చెప్పిన పంచదార పొర ఉంటే మాత్రం రెండు రోజులు చాలవు. అది వారాలు, ఒక్కోసారి నెలలు కుదురుకోదు. అప్పుడు వేరే వాలు ఎంచుకోవాలి, లేదా వెనక్కి రావాలి. వెనక్కి రావడానికీ సెలవులో చోటుండాలి.

తెలుగువాళ్లకు దీన్ని హుద్‌హుద్ కన్నా బాగా చెప్పే ఉదాహరణ లేదు. విశాఖ నుంచి రైళ్లలో వచ్చి లింగంపల్లిలో స్థిరపడ్డ కుటుంబాలకు ఆ పేరు వింటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. 2014 అక్టోబరు 12, ఆదివారం. తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి నగరంలో చెట్లెన్నో నేలకొరిగాయి, విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది, రోజుల తరబడి కరెంటు లేదు. తుపాను కథ మనకు అక్కడితో ముగిసింది. ఆ తుపాను మాత్రం ముగియలేదు. బలహీనపడుతూ ఛత్తీస్‌గఢ్, ఉత్తరప్రదేశ్ మీదుగా ఉత్తరానికి సాగి, రెండు రోజుల తర్వాత, అక్టోబరు 14న, నేపాల్‌లో హిమాలయాన్ని తాకింది. బంగాళాఖాతం నుంచి మోసుకెళ్లిన తేమంతా అన్నపూర్ణ, ధౌలగిరి పర్వతాల మీద మంచుగా కురిసింది.

అక్టోబరు నేపాల్‌లో ట్రెక్కింగుకు అందరూ మెచ్చే నెల. వానాకాలం పోయి ఆకాశం తేటగా ఉంటుంది. అన్నపూర్ణ చుట్టుదారిలో 5,416 మీటర్ల ఎత్తున థొరోంగ్ లా అనే కనుమ దాటడానికి ఆ ఉదయం వందలమంది బయల్దేరారు. మధ్యాహ్నానికి కంటి ముందు చేయి కనిపించనంత మంచు తుపాను. కొందరు కనుమ దగ్గరి చిన్న టీ కొట్టులో తలదాచుకున్నారు. అక్కడ నిలవకుండా ముక్తినాథ్ వైపు దిగిపోదామని బయల్దేరినవాళ్లలో చాలామంది చలికీ, చరియలకూ బలయ్యారు. ఆ ప్రాంతంలో మొత్తం కనీసం 43 మంది చనిపోయారు. వాళ్లలో విదేశీ ట్రెక్కర్లున్నారు, నేపాలీ గైడ్లు, పోర్టర్లు ఉన్నారు, జడలబర్రెలు మేపుకునేవాళ్లున్నారు. తుపాను వస్తున్నట్టు ప్రపంచమంతటికీ రెండు రోజుల ముందే తెలుసు. భారత వాతావరణ శాఖ దాని ప్రతి కదలికనూ చెప్తూనే ఉంది. విశాఖ దాన్ని అప్పటికే అనుభవించింది. ఆ కబురు కనుమ కింద లాడ్జిలో పడుకున్న మనిషికి చేరలేదు, చేరినా పాటించేందుకు ఒకటి రెండు రోజులు చేతిలో లేనివాళ్లు ఎందరో.

ఇది చాలా ముఖ్యమైన సంగతి కాబట్టి ఇంకొంచెం చెప్పాలి. బంగాళాఖాతంలో అల్పపీడనం పడిందని మనం కాకినాడ గురించో మచిలీపట్నం గురించో ఆందోళన పడతాం. ఆ తేమే పైకి ప్రయాణించి హిమాలయంలో మంచు కావచ్చన్నది మన మనసుల్లోకి ఎక్కలేదు. అక్టోబరు, నవంబరు నెలల్లో హిమాలయ ప్రయాణం పెట్టుకున్న ఏ తెలుగు బృందమైనా తమ తీరంలోని తుపానులను కూడా చూసుకోవాలి. అది హుద్‌హుద్ నేర్పిన పాఠం.

అదే 2014లో జూన్ 8న బాచుపల్లిలోని వి.ఎన్.ఆర్. విజ్ఞాన జ్యోతి ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థులు 24 మంది హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నదిలో కొట్టుకుపోయారు. మండి జిల్లా తలౌట్ దగ్గర నది మధ్య రాళ్ల మీద నిలబడి ఉండగా, ఎగువన లార్జీ జలాశయం నుంచి నీళ్లు వదిలారు. అది మంచు ప్రమాదం కాదు. అయినా ఇక్కడ తలుచుకోవలసిందే. వాళ్లకు కనిపించింది ప్రశాంతమైన నది, కనిపించనిది ఎగువన కూడుకున్న బరువు. కొండ ప్రాంతంలో ప్రమాదం చాలాసార్లు నిలబడ్డ చోట ఉండదు, పైన ఉంటుంది. చరియ కూడా అంతే. చదునైన లోయలో గుడారం వేసుకున్నా, పైనున్న వాలు విరిగితే మంచు అక్కడిదాకా వస్తుంది.

హిమాలయంలో ఇటీవలి ఘటనలు కొన్ని మీకు తెలిసే ఉంటాయి. 2022 అక్టోబరు 4న ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణార్థుల బృందం మీద, 5,670 మీటర్ల ద్రౌపదీ కా దండా రెండో శిఖరానికి దిగువన చరియ విరుచుకుపడింది. 27 మృతదేహాలు దొరికాయి. చనిపోయినవాళ్లలో శిక్షకురాలు సవితా కన్స్వాల్ ఉన్నారు. ఆమె అదే ఏడాది మే నెలలో ఎవరెస్టును, మకాలును 16 రోజుల తేడాతో ఎక్కిన మనిషి. దేశంలోనే పేరున్న సంస్థ, అనుభవమున్న శిక్షకులు, ఎంచుకున్న శిక్షణార్థులు. అయినా మంచు వాళ్లను వదల్లేదు. వారం రోజుల అనుభవంతో వెళ్లేవాళ్లు దీని నుంచి గ్రహించాల్సింది చాలా ఉంది.

2023 ఏప్రిల్ 4న సిక్కింలో గ్యాంగ్‌టక్ నుంచి నాథులా వెళ్లే జవహర్‌లాల్ నెహ్రూ మార్గ్‌లో, 15వ మైలు దగ్గర, ఏడుగురు పర్యాటకులు చరియ కింద ప్రాణాలు కోల్పోయారు. పర్మిట్లు 13వ మైలు దాకానే ఇచ్చామని పోలీసులు చెప్పారు. రెండు మైళ్లు ముందుకు వెళ్లి మంచులో ఆడుకోవాలన్న ఆశ అందరికీ ఉండేదే.

2025 ఫిబ్రవరి 28న బదరీనాథ్ దగ్గరి మాణా గ్రామం సమీపంలో సరిహద్దు రోడ్ల సంస్థ కార్మికుల శిబిరం మంచు కింద చిక్కుకుంది. 54 మందిలో 46 మందిని సైన్యం, ఐటీబీపీ, ఇతర దళాలు కాపాడాయి. ఎనిమిది మంది చనిపోయారు. ముందు రోజు సాయంత్రమే చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ విభాగం, డీజీఆర్ఈ, చమోలీతో సహా ఉత్తరాఖండ్ కొండ జిల్లాలకు 2,400 మీటర్లకు పైనున్న ప్రాంతాల్లో చరియల ప్రమాదం ఉందని హెచ్చరిక ఇచ్చింది. ఆ కార్మికులకు ఉండాలా వెళ్లాలా అన్న నిర్ణయం చేతిలో లేదు. మన ఉద్యోగులకు ఉంది.

సరిహద్దులో కాపలా కాసేవాళ్లకూ ఆ నిర్ణయం ఉండదు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో 19,600 అడుగుల ఎత్తున మద్రాస్ రెజిమెంటు 19వ బెటాలియన్‌కు చెందిన పదిమంది సైనికుల స్థావరం మీద మంచుగోడ కూలింది. అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లెకు చెందిన సిపాయి ముస్తాక్ అహ్మద్ వాళ్లలో ఒకరు. ఆరు రోజుల తర్వాత ప్రాణాలతో దొరికిన లాన్స్‌నాయక్ హనుమంతప్ప కొప్పాడ్ ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆసుపత్రిలో కన్నుమూశారు. రాయలసీమ మెట్టపొలాల నుంచి వెళ్లిన ఒక యువకుడు ఆ ఎత్తున మంచుకు బలయ్యాడు. సియాచిన్‌లో పనిచేసి పదవీ విరమణ చేసిన తెలుగు జవాన్లు మన జిల్లాల్లో ఉన్నారు. మంచులో ఎలా నడవాలో, ఎక్కడ ఆగాలో, ఎప్పుడు కదలకూడదో వాళ్లకు తెలిసినంతగా ఈ నగరంలో ఎవరికీ తెలియదు. ఆ జ్ఞానాన్ని ఎవరూ అడగడం లేదు.

చరియ కింద పడితే ఏమవుతుందో కూడా నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. మంచు ఆగిన క్షణంలో చేతులతో తవ్వలేనంత గట్టిపడుతుంది. చనిపోయేవాళ్లలో ఎక్కువమంది ఊపిరాడకే పోతారు. తొలి పది పదిహేను నిమిషాల్లో బయటికి తీస్తే పదిమందిలో దాదాపు తొమ్మిది మంది బతుకుతారు. అరగంట దాటితే ముగ్గురిలో ఒకరు మిగలడం కష్టం. హెలికాప్టరు ఎంత తొందరగా వచ్చినా ఆ పది నిమిషాల్లో రాదు. కాపాడగలిగేది పక్కనున్న స్నేహితులే. అందుకు ఒక్కొక్కరి ఒంటి మీద 457 కిలోహెర్ట్జ్ మీద సంకేతం పంపే బీకన్ ఉండాలి, బ్యాగులో పొడవాటి ప్రోబ్ కడ్డీ, లోహపు పార ఉండాలి, వాటిని వాడటం ముందే సాధన చేసి ఉండాలి. ఈ మూడూ లేనివాళ్లకు చరియలు జారే వాలు మీదికి వెళ్లకుండా ఉండటమొక్కటే రక్షణ.

ప్రాణాంతకమైన చరియల్లో పదింట తొమ్మిది వరకూ బాధితులో వాళ్ల బృందంలోనివాళ్లో కదిలించినవే. అంటే కొండ చేసే పని కన్నా మనుషుల నిర్ణయాలే ఎక్కువ. ఆ నిర్ణయాలు ఎలా తప్పుతాయో అమెరికాలో ఇయాన్ మెక్‌కామన్ అధ్యయనం చేశాడు. 1972 నుంచి 2003 వరకూ అక్కడ జరిగిన 715 వినోద యాత్రా ప్రమాదాలను ఒక్కొక్కటిగా పరిశీలించాడు. తెలిసిన దారి కదా అన్న ధీమా, బృందంలో తక్కువ కాకూడదన్న ఆరాటం, అనుకున్నది సాధించి తీరాలన్న పట్టు, నాయకుడు చూసుకుంటాడన్న భరోసా, ఇతరుల అడుగులు చూసి కలిగే ధైర్యం, అవకాశం చేజారిపోతుందన్న తొందర: ఈ ఆరింటిలో ఒకటో రెండో చాలా ప్రమాదాల వెనక కనిపించాయి. మంచు గురించి శిక్షణ పొందినవాళ్లు కూడా వీటికి లొంగిపోయారు. ప్రమాద సూచనలు కళ్లెదుట ఉన్నా లొంగిపోయారు.

ఆ ఆరింటిలో చివరిది, తొందర, మీ చేతిలో ఉన్నది. 'ఈ రోజు ఎక్కకపోతే రేపు బస్సు, ఎల్లుండి విమానం, మళ్లీ సెలవు దొరకదు' అనే లెక్క ట్రెక్ లీడరు నోరు నొక్కేస్తుంది. వెనక్కి వెళ్దామని అతను చెప్పినా ఇరవై మంది ఒకేసారి 'అంత దూరం నుంచి వచ్చాం' అంటారు. ఆ మాట వెనక ఉన్నది దురాశ కాదు. ఆఫీసు క్యాలెండరు.

ఇలాంటి దారులకు సన్నద్ధత అంటే ఏమిటో తెలంగాణకు తెలియనిది కాదు. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలబడిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్‌లు సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. ఒకరిది నిజామాబాద్ జిల్లా పాకాల, ఇంకొకరిది అప్పటి ఖమ్మం జిల్లా. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. భువనగిరి బండల మీద, డార్జిలింగ్‌లో, లడాఖ్ చలిలో శేఖర్ బాబు బచినేపల్లి పర్యవేక్షణలో నెలల తరబడి శిక్షణ పొందాకే వాళ్లను పంపారు. ఆ ఏప్రిల్ 18న ఎవరెస్టు దక్షిణ వైపు ఖుంబూ మంచుజలపాతం మీద చరియ విరిగి 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. ఈ పిల్లలు ఎక్కింది ఉత్తరాన టిబెట్ వైపు నుంచి. ప్రమాదం ఎంత దగ్గర్లో ఉంటుందో తెలిసి, దానికి తగ్గట్టు సమయం వెచ్చించిన ప్రయాణం అది. వారం రోజుల సెలవు ప్రయాణానికి అంత తయారీ అడగడం న్యాయం కాదు. రెండు రోజుల ఓపిక అడగడం న్యాయమే.

సియాటిల్ పరిసరాల్లో రెడ్‌మండ్, బెల్‌వ్యూలలో ఉండే తెలుగువాళ్లు మీ కంపెనీల్లోని తెలుగువాళ్లతో రోజూ ఒకే మీటింగులో కూర్చుంటారు. శనివారం కాస్కేడ్ కొండల్లోకి వెళ్లే ముందు వాళ్లు నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ ప్రకటన చూడగలరు. ఏ ఎత్తులో, ఏ దిక్కు వాలుల మీద, ఏ రకం సమస్య ఉందో, 1 నుంచి 5 దాకా ప్రమాదస్థాయి ఎంతో అందులో ఉంటుంది. ప్రాణనష్టం చాలావరకు అయిదో స్థాయిలో జరగదు. అప్పుడు ఎవరూ వెళ్లరు. మూడో స్థాయిలో ఎక్కువ జరుగుతుంది, ఎందుకంటే పైకి అంతా బాగానే కనిపిస్తుంది. మన దగ్గర డీజీఆర్ఈ 1969 నుంచి మనాలిలో పనిచేసిన మంచు అధ్యయన సంస్థ వారసురాలు. దాని హెచ్చరికలు జిల్లాల వారీగా, ఎత్తుల వారీగా వస్తాయి. అవి సైన్యానికీ, జిల్లా యంత్రాంగాలకూ ఉపయోగపడినంతగా సాంక్రీకి వెళ్లే ట్రెక్కరుకు అందడం లేదు. ప్రపంచంలో ఎవరికి కావాలన్నా యాప్ రాసిపెట్టే సైబరాబాద్, హిమాలయం ఎక్కే తన పిల్లల కోసం ఆ హెచ్చరికలను తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో ఫోనుకు చేర్చే ఏర్పాటు చేయలేదా? డీజీఆర్ఈతో, ఉత్తరాఖండ్, హిమాచల్ విపత్తు నిర్వహణ సంస్థలతో హైసియా ఆ మాట ఎత్తితే వినకుండా ఉండరు.

హైసియాను అడుగుతున్నవి ఇవి. డిసెంబరు నుంచి మార్చి దాకా మంచు ప్రాంతాలకు వెళ్లే ఉద్యోగులకు సెలవుతో పాటు రెండు రోజుల వెసులుబాటు ఇమ్మని సభ్య కంపెనీలకు సిఫారసు చేయండి. వాతావరణం బాగుంటే వాడుకోరు. బాగా లేకపోతే, మేనేజరుకు ఒక్క మెసేజ్ పెట్టి ఆగే హక్కు ఉండాలి. దాని వల్ల వార్షిక మదింపులో మాట రాకూడదు. ఆ రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసినట్టు లెక్కలోకి రావాలన్న షరతు కూడా పెట్టవద్దు. కొండ మీద సిగ్నలును నమ్ముకోలేం.

కంపెనీ ఖర్చుతో జట్టు యాత్రలు వేసేటప్పుడు ట్రెక్ సంస్థతో ఒప్పందంలో కొన్ని ప్రశ్నలకు రాతపూర్వక జవాబు తీసుకోండి. వాతావరణం వల్ల శిఖరం రద్దయితే డబ్బు తిరిగివ్వడమో తేదీ మార్చడమో చేస్తారా? వెనక్కి తిప్పే తుది అధికారం లీడరుదేనా, అతని మీద ఒత్తిడి తెచ్చే హక్కు ఇంకెవరికైనా ఉందా? అతను నెహ్రూ పర్వతారోహణ సంస్థలోనో, మనాలి, డార్జిలింగ్, పహల్గామ్ సంస్థల్లోనో శిక్షణ పొందాడా? దారిలో 30 డిగ్రీలు దాటిన వాలులు ఎక్కడెక్కడున్నాయి, వాటికి బదులు దారి ఉందా? గుడారాలు ఏ వాలు కింద వేస్తారు? బీకన్లు ఇస్తారా, ఇవ్వకపోతే ఏ వాలులకు వెళ్లరు? వీటికి జవాబు చెప్పలేని సంస్థకు ఇరవై మంది ఉద్యోగుల్ని అప్పగించకండి. ధర తక్కువని అసలే అప్పగించకండి.

ఒక పూట తరగతి పెట్టండి. సియాచిన్‌లో పనిచేసిన రిటైర్డు జవాన్లను, పర్వతారోహణ శిక్షకులను పిలవండి. ఆ పూటలో నేర్పగలిగేవి తక్కువేమీ కావు. ఫోనుతో వాలు కొలవడం. కాలు పెట్టినప్పుడు 'ధబ్' మని మంచు లోపల కుంగిన చప్పుడు వినిపిస్తే అక్కడే ఆగి వచ్చిన అడుగుల్లో వెనక్కి వెళ్లడం. కాలి చుట్టూ పగుళ్లు పాకడం, పక్క వాలు మీద తాజా చరియ కనిపించడం, ఒక్కరాత్రిలో అర మీటరు మంచు పడటం, మధ్యాహ్నపు ఎండకు మంచు తడిసి బరువెక్కడం, ఇవన్నీ వెనక్కి రమ్మనే సూచనలని గుర్తుపట్టడం. అనుమానం ఉన్న వాలు తప్పక దాటాల్సి వస్తే ఒక్కొక్కరుగా దాటడం, మిగిలినవాళ్లు సురక్షితమైన చోట నిలబడి చూస్తూ ఉండటం. ఇదంతా ఒక పూటలో నిపుణతగా మారదు. ఎప్పుడు వెనక్కి తిరగాలో అడిగే ధైర్యం మాత్రం వస్తుంది.

ఆఫీసు గోడల మీద శిఖరం ఫొటోలు పెట్టి చప్పట్లు కొట్టే ఆనవాయితీ ఉంది. శిఖరానికి మూడు వందల మీటర్ల కింద నుంచి తిరిగొచ్చిన బృందానికీ అదే గోడ మీద చోటివ్వండి. మరుసటి ఏడాది వెళ్లేవాళ్లు వాళ్లను అడిగి తెలుసుకునేది ఎక్కువ ఉంటుంది.

శీతాకాలపు ట్రెక్కుల బుకింగులు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే నిండిపోవడం మొదలవుతుంది. సెలవుల విధానంలో ఈ రెండు రోజులు అంతకుముందే చేరితే, ఉద్యోగులు తిరుగు టికెట్లు ఆ లెక్కతోనే తీసుకుంటారు. అందుకని ఈ విషయాన్ని మీ తదుపరి కార్యవర్గ సమావేశం ఎజెండాలో చేర్చవలసిందిగా, సభ్య కంపెనీలకు పంపే సిఫారసును దసరాకు ముందే విడుదల చేయవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
సైబరాబాద్ నుంచి హిమాలయం వెళ్లేవాళ్ల క్షేమం కోరుతూ,
లింగంపల్లి, హైదరాబాద్